లగేజీ టిక్కెట్టు

నర్సాపురం రేవులో పంటు టిక్కెట్లు చింపేది నేనే.
బోర్డు మీద రేట్లు నా చేత్తో రాసినవే:
మనిషి, సైకిలు, మోటారు సైకిలు,
కొబ్బరి బస్తా, మేక.
మేక కింద "పిల్లకి ఉచితం" అని
కంట్రాక్టరు గారు తర్వాత రాయించేరు.

బోర్డులో లేనివీ దాటతాయి.

మొదటి పంటుకొచ్చే ముసలాయన
"పరువు పోయిందయ్యా" అంటాడు,
ఇప్పుడే ఇక్కడే జారిన తువ్వాలు కోసం వెతికినట్టు
కాళ్ల కింద చూసుకుంటూ.
నేనూ వంగి చూస్తాను. బల్లల మీద బురద, రెండు తమలపాకులు.
కాలేజీ పిల్ల ఫోన్లో "భయమేస్తోందే" అంటుంది.
ఆకలి వేస్తుంది, చలి వేస్తుంది, భయం వేస్తుంది,
ఇన్ని వేసే ఆ చెయ్యెవరిదో
ఒక్కసారి కనపడితే లగేజీ కింద వసూలు చేద్దును.
"రాత్రంతా నిద్ర పట్టలేదు" అంటాడు కొల్లాటి ఏసుదాసు,
ఖాళీ వల ఎత్తి చూపించి,
"ఇదీ పట్టలేదు."

లేసు కట్టలు మోసుకొచ్చే పుణ్యవతిని
దారం ఎంత తూగుతుందని అడిగితే,
"దారం కంపెనీదండి. మేం అల్లేది కన్నాలు.
మాకిచ్చేది కన్నాలకే."

అప్పుడు నవ్వేను గానీ
ఆ రాత్రి గది అంతా కన్నాలే కనబడ్డాయి.

అవతలి ఒడ్డున మోరిలో మా అన్నయ్య.
మా ఇద్దరి కొబ్బరితోటల మధ్య హద్దు.
తాడు లేదు, రాయి లేదు,
సర్వేయరు గొలుసు పట్టుకెళ్లిపోయేక అక్కడ గడ్డే ఉంది.
అయినా దానికి కాలు తగిలి
ఇద్దరం బోర్లా పడ్డాం.
పడ్డప్పుడే నా నోట్లోంచి ఓ మాట జారింది.
గోదాట్లో రూపాయి జారితే
ఏటిపోటు దిగేక పిల్లలెవరైనా ఏరుకుంటారు.
ఆ మాట మాత్రం అన్నయ్యే ఏరుకుని
తొమ్మిదేళ్లుగా దాచుకున్నాడు.

రోజుకి వెయ్యి మందిని దాటిస్తాను.
నేను దాటలేదు.

మొన్న సోమవారం పాటు మీద, ఎండ మండుతుంటే
రొయ్యల తట్టతో ఒకావిడ రేవు వాలులో ఆగిపోయింది.
చెమట ముక్కు మీంచి కారుతోంది, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.
"ఎవరో ఎత్తేరు బాబూ.
దించుకోడం ఒక్కదాని వల్ల కాదు, కాస్త పట్టవా."
పట్టేను. తట్ట కింద చుట్టకుదురు
తడిసి నల్లగా, నెత్తికి అతుక్కుపోయి ఉంది.

టిక్కెట్ల పుస్తకం సత్తిపండు చేతికిచ్చేను.
నాకు నేనే ఒకటి చింపుకున్నాను. మనిషి ఒకటి.
లగేజీ గడిలో పెన్ను ఆగింది,
"ఒకటి" అని రాసేను. ఏవిటన్నది రాయలేదు.
వాడు నా వెనకాలా పక్కనా చూసి
"సామానేదండీ?" అన్నాడు.

పంటు కొంచెం ఒరిగిందనే అనుకుంటాను.
డ్రైవరు మాత్రం అదేం లేదంటాడు.

మోరిలో, వదిన అరుగు మీంచి,
"చేతులూపుకుంటూ వచ్చేవా మరిదీ" అంది.
తొమ్మిదేళ్లకొచ్చిన మనిషిని అడగాల్సిన మొదటి మాట అదే కాబోలు.
అరచేతులు చూసుకున్నాను. కందిపోయి ఉన్నాయి.

అన్నయ్య లోపల జీడిగింజలు కొడుతున్నాడు.
ఒకటి. ఇంకొకటి. తల ఎత్తలేదు.
నేను గుమ్మంలో మెడ నిటారుగా పెట్టి నించున్నాను,
కదిలితే ఏదో ఒలికిపోతుందన్నట్టు.
"ఏంట్రా ఆ మెడ" అన్నాడు చివరికి.
నేనేమీ అనలేదు.
సుత్తి పక్కన పెట్టేడు, లేచేడు,
జీడి అంటిన రెండు చేతులూ
లుంగీకి తుడుచుకున్నాడు,
తట్ట పట్టబోయేవాడు తుడుచుకున్నట్టు.