ఇచ్చట చేపలు ఎండబెట్టరాదు

రుషికొండ మీద, మూడో అంతస్తులో
నా ఉద్యోగం తుప్పు పట్టించడం.

జీతం చీటీలో టెక్స్‌చర్ ఆర్టిస్ట్ అని ఉంటుంది.
అమ్మకి మాత్రం ఇలాగే చెప్పాను.
"మన కిటికీ ఊచలకి పడుతున్నది సాలదేటే?" అంది.

ఈసారి ఆటలో ఏడు కాళ్ళ జీవులు.
నోరు లేదు. చేతులు లేవు.
వాటి ఓడ ఒకటి మూడు వేల ఏళ్ళుగా
చుక్కల మధ్య దిక్కులేకుండా తిరుగుతోంది.
దాని పొట్టకి చర్మం కావాలి,
శుక్రవారం లోపు.

శూన్యంలో తుప్పు పట్టదు కదా అన్నాను.
గాలుండాలి, తడుండాలి,
ఉప్పు కూడా ఉంటే ఇక మన విశాఖపట్నమే.
"పాతగా కనబడాలి హైమా, అంతే" అన్నాడు ఫణీంద్ర.

పాతగా.
రెండు రాత్రులు ఊహించి గీశాను.
ఊహకి ఏ తాడూ ఒరుసుకోదు,
దాని మీద కాకి రెట్ట వెయ్యదు,
బీడీ ఆర్పడానికి ఎవడూ దాన్ని వాడుకోడు.
నా ఇనుము నిన్న కొన్న గిన్నెలా
సిగ్గులేకుండా మెరుస్తూనే ఉంది.

బుధవారం తెల్లారకుండానే
కెమెరాతో ఫిషింగ్ హార్బర్‌కి పోయాను.
వంజరం పాట ముగిసి కోనాం పాట మొదలైంది.
ఐసు మర పళ్ళు కొరుకుతోంది.
దాని వెనక, మూతబడ్డ పాత కార్ఖానా రేకు గోడ:
నీలం కింద ఆకుపచ్చ,
ఆకుపచ్చ కింద కాషాయం,
కాషాయం కింద, ఎవరో దాచుకున్నట్టు, ఎరుపు.
నూట నలభై ఫొటోలు తీశాను.

గోడ మీద అక్షరాలున్నాయి.
*ఇచ్చట చేపలు ఎండబెట్టరాదు.*
కింద చిన్నగా, సూరాడ ఎల్లాజీ, పెయింటర్,
ఆరంకెల ఫోన్ నంబరు.

చెరిపాను. నిజంగానే చెరిపాను.
మాట మీద మచ్చ, మచ్చ మీద మరో మచ్చ అద్ది.
తర్వాత ఆ గోడని ముక్కలు చేసి, తిప్పి, బోర్లించి
అరకిలోమీటరు ఓడకి తొడిగాను.
నిద్ర కళ్ళకి ఒక ముక్క అందలేదు.

ఆట బయటికొచ్చిన పదకొండో రోజు
మంచు దేశంలో ఒక పిల్లాడు
శత్రువులకి జడిసి గొట్టంలో నక్కి
టార్చి పైకెత్తాడు.
నెత్తి మీద, అద్దంలో చూసినట్టు తిరగబడి, *రాదు.*

ఇది వాళ్ళ భాషా అని ఉత్తరం రాశాడు.
గుండ్రాలు గుడ్లట. తలకట్టు తోకచుక్కట.
నేను క్షమాపణ సిద్ధం చేసుకుంటుంటే
సముద్రాల అవతలి డైరెక్టర్ నుంచి ఒకటే వాక్యం:
చాలా వింతగా ఉంది, ఇంకా పెట్టండి.

ఆ రాత్రి బస్సులో
షాపుల బోర్డులన్నీ ఒక్కొక్కటే చదువుకుంటూ దిగాను.
ఎన్నడూ ఎరగని భాషని కూడబలుక్కున్నట్టు.

ఎల్లాజీ తాత పెదజాలరిపేటలో దొరికాడు.
ఒక కంట్లో పువ్వు. రెండో కంటికి దగ్గరగా
ఫోను పట్టుకున్నాడు.
"తిరగేసినారేటమ్మా?
పర్లేదులే, బస్సు అద్దాలకి లోపల్నించి రాసినోణ్ణి."
గాజు మీద వేలు పెట్టి దువ్వాడు.
అక్షరం పెద్దదైంది. ఉలిక్కిపడ్డాడు.
"ఈ కొమ్ము సూడు. ఇలాగ సాగదీసేది నానొక్కణ్ణే.
ఆ గోడకి నలభై రూపాయలు బాకీ, ఇంకా ఇవ్వలేదు."

ఏడు కాళ్ళ జీవుల సంగతి చెప్పాను.
ఓపిగ్గా విన్నాడు.

"అక్కడ సేపలు ఎండబెడతారేటి?"
"లేదు తాతా. అక్కడ సముద్రమే లేదు."
"అయితే ఆళ్ళు నా మాట ఇన్నారన్నమాట."

అతని వెనక, గోడ పొడుగునా,
నెత్తళ్ళు ఎండుతున్నాయి.