నడికట్టు

అక్టోబరు మూడోవారం సముద్రం
మా ఒడ్డుకి గడ్డి తోసింది.
నల్లటి ఈల్‌గడ్డి, చిరిగిన రిబ్బన్లలా,
మోకాలెత్తు కుప్పలు, ఒకటే ఉప్పుకంపు.
ప్రతి ఏడూ ఈ పని తెయోతీమ్‌ది.
ఈ ఏడు జూలైలో పడవ ఎక్కుతూ
తుంటి విరగ్గొట్టుకున్నాడు.
కాబట్టి పార నాది, తోపుడుబండి నాది,
అరుపులు మాత్రం అతనివి.

కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని
ఊతకర్రతో గాలిలో గీతలు గీస్తున్నాడు.
"ముందు మట్టి వాలు చూడు, జెలీ!
గోడవైపు వాలిందంటే
వాననీరంతా పునాది తాగుతుంది."

నీటి సంగతి నాకు చెప్పాలా?
పారినంతసేపూ దానంత మెత్తనిది లేదు,
గడ్డకట్టిందా, దానంత మొండిది లేదు.
మట్టిలో పడుకునే ఒళ్ళు పెంచుతుంది.
చోటు చాలకపోతే
రాయి కింద భుజం పెట్టి లేపుతుంది.
మా పెళ్ళైన రెండో చలికాలం
వంటింటి తలుపు ఏప్రిల్ దాకా పడలేదు.
పళ్ళెంలో సూపు ఒక పక్కకే ఒరిగేది.
నవ్వుకుంటూ తాగాం.
ఇప్పుడైతే నవ్వేవాళ్ళం కాదు.

ఈశాన్యం మూల, మూడో వరసలో
చిటికెనవేలు పట్టే పగులు.
పాత సున్నం గోకితే
ఎలుక గూడు బయటపడింది,
ఎర్ర ఉన్నితో, ముద్దొచ్చేంత గుండ్రంగా.
ఆ ఉన్ని నాకు తెలుసు.
నిరుడు నేనల్లిన తివాచీలో
కోడిపుంజు తురాయికి తక్కువపడిన దారం.
ఈ గడ్డి ఉన్నచోట ఎలుక చేరదని
నలభై ఏళ్ళుగా చెబుతున్నాడీయన.
గూడు ఏప్రను జేబులో వేసుకుని
పగులు నింపాను, ఏమీ అనలేదు.
నేల బిగిసేలోగా సున్నం ఆరాలి,
పది రోజులు టైముంది, మాటలకి లేదు.

తర్వాత గడ్డి.
ఇంటి చుట్టూ మేకులు దిగ్గొట్టి,
పలకలు అడ్డం పెట్టి,
రాయికీ పలకకీ మధ్య తొక్కుతూ పోవాలి.
నా తొలి కాన్పుకి మా అత్త ఫిలొమేన్
పిండిసంచి గుడ్డ చింపి నడికట్టు కట్టింది.
"వదులైతే గాలి దూరుతుంది,
బిగిస్తే ఊపిరాడదు," అంటూ
రెండు వేళ్ళు దూర్చి చూసేది.
నేనూ పలక వెనక రెండు వేళ్ళు దూర్చి చూశాను.
బాలింత ఒళ్ళూ ఇంటి ఒళ్ళూ ఒకటే,
కిందనించే చలి పడుతుంది.

"చెక్కకి తగలనివ్వకు! కుళ్ళిపోతుంది!"
తగలనివ్వలేదు. జానెడు కిందే ఆపాను.
"ఆపావా?"
ఆపాను.
"చూపించు!"
ఏం చూపించను, గోడని ఎత్తి?

మూడోరోజు అతను కునుకు తీస్తుంటే
పక్కింటి ఆన్సెల్మ్ వచ్చాడు,
గరాజు కట్టగా మిగిలిన నురగ అట్టలు రెండు
చంకలో పెట్టుకుని. నీలం రంగు.
అవి ఈ ఇంటి గడప తొక్కకూడదని
తెయోతీమ్ ఎప్పుడో తేల్చేశాడు.
గడప తొక్కలేదు మరి.
ఉత్తరం గోడ కింద, గడ్డి వెనక
చప్పుడు లేకుండా నిలబడ్డాయి.

ఫిబ్రవరిలో సుయెత్ గాలి
కొండ దిగి మూడు రాత్రులు కొట్టింది.
దూలాలు కీళ్ళు విరుచుకున్నాయి.
దీపం పట్టుకుని నేలమాళిగలోకి దిగాను,
ఉత్తరం రాయి మీద అరచెయ్యి ఆనించాను.
చల్లగా ఉంది, అంతే. కొరకలేదు.
బంగాళాదుంపలు ఒక్కటీ మంచుబారలేదు.
పైకొచ్చి చెబితే మీసం దువ్వుకున్నాడు.
"మరి! అట్టలమ్ముకునేవాళ్ళకి
సముద్రం గొప్పతనం ఏం తెలుస్తుంది?"
నేను దుంపల తొక్క తీస్తూ కూర్చున్నాను.
ఆరోజు తొక్క చాలా పల్చగా వచ్చింది.

ఏప్రిల్లో నాకన్నా ముందే లేచాడు.
నేను బూట్లు వేసుకుని వెళ్ళేసరికి
ఉత్తరం గోడ దగ్గరున్నాడు, ఊతకర్ర మీద వంగి.
గడ్డి కాస్త పక్కకి జరిగి ఉంది.
"ఈ ఏడు సముద్రం
రంగు భలే పట్టిందే," అన్నాడు.
నేను పార వెతుక్కున్నాను.
"ఈ ఒక్క పక్కకేనా?"
ఈ ఒక్క పక్కకే.
చాలాసేపు రాళ్ళ వరస చూశాడు,
మట్టసం పెట్టినట్టు ఒక కన్ను మూసి.
"తూర్పుకి కూడా అడగాల్సింది," అని
కర్రతోనే గడ్డి లాగడం మొదలెట్టాడు.