మసి పూసి

నవంబరు నడిమికి రాగానే
మూడో అరలో నల్లరంగు డబ్బాలు సర్దేదాన్ని.
పోయినేడు నలభై ఒకటి అమ్మాను.
బిల్లు కొట్టి, సంచిలో వేసి,
పండగ శుభాకాంక్షలు కూడా చెప్పాను.

మిషిగన్ సరస్సు గాలికి చెవులు తెగిపోయే ఊరు, న్యూ హార్లింగెన్.
డచ్చి తాతలు ఓడలో తెచ్చుకున్న పండగ:
తెల్లగుర్రం మీద ముసలి సాధువు,
వెనకాలే మిఠాయిలు విసురుతూ
గంతులేసే నల్లముఖాల బంట్లు.
పిల్లల పండగ. ఎవర్నీ ఏమీ అనని పండగ.
అంటారు.

ఒడెస్సా కొడుకు జెమార్‌కి ఆరేళ్లు.
అల్లంబిస్కెట్టు ఇచ్చిన బంటు చెంప తాకాడు.
వేలికి నలుపంటింది.
వేలు చూసుకున్నాడు. తర్వాత తన చెంప రుద్దుకున్నాడు,
ఇంకా గట్టిగా రుద్దుకున్నాడు.
"అమ్మా, నాది రావట్లేదు."

మా దుకాణం మెట్ల మీదే అన్నాడామాట.
నాకెందుకో శనగపిండి వాసన వేసింది.
రంగు తేలాలని మా అమ్మ నలుగు పెట్టి
మోచేతులు మండేదాకా రుద్దిన ఆదివారాలు.
దిష్టి తగలకూడదని
అదే చెంపకి కాటుకచుక్క పెట్టిందీ ఆమే.

అప్పట్నుంచీ ప్రతి శనివారం
టౌన్‌హాలు ముందు ఒడెస్సా, చేతిలో అట్టముక్క:
నా కొడుకు మీ వేషం కాదు.
కారద్దం దించి ఒకాయన అరిచాడు,
"అది పొగగొట్టం మసమ్మా, అంతే!"
మసి పూసి మారేడుకాయ చెయ్యడం
మాకూ తెలుసు, సామెతే ఉంది.
మసైతే పెదాలకి అంత ఎరుపేమిటి?
ఆ ఉంగరాల విగ్గు ఏ పొగగొట్టంలో మొలిచింది?
ఇవన్నీ నాకు బస్సెక్కాక తోచాయి.
అక్కడ మాత్రం
ఫ్లాస్కులో టీ ఇచ్చి వచ్చేశాను.

అక్టోబరులో వెల్మా హూక్‌స్ట్రా వచ్చింది.
ముప్పై ఏళ్లు బంటు వేషం కట్టిన మనిషి.
సగం వాడిన డబ్బా కౌంటరు మీద పెట్టి
"వాపసు తీసుకుంటారా?"
మూత తీసింది తీసుకోం, అన్నాడు మేనేజరు.
ఆమె కదల్లేదు.
"డబ్బుకి కాదు. చెత్తలో పారేద్దామంటే చెయ్యి రావట్లేదు.
పిల్లలు నవ్వేవారు, తెలుసా,
నన్ను చూసి ఎంత నవ్వేవారో."
నా జేబులోంచి నాలుగు డాలర్లు తీసిచ్చాను.

కౌన్సిలు ఓటు జనవరికి వాయిదా.
ఈ ఏడు ఏడుగురు బంట్లు ఉత్తముఖాలతో నడిచారు.
మిగతావాళ్లు మామూలే.
జెమార్ రాలేదు.
మూడో అర నింపమంటే చెయ్యి నొప్పన్నాను,
మేనేజరే సర్దుకున్నాడు.

వెల్మా డబ్బా నా సొరుగులో ఉంది.
మూత మీద ఆమె బొటనవేలి ముద్ర
ఇంకా ఆరలేదు.