సున్నం గీత

కాలువలు కట్టేసిన ఏప్రిల్లో
కడియపులంక నుంచి లక్కవరం దాకా
చిన్న వ్యాన్లో మొక్కల మధ్య నేనూ ఒక మొక్కలా
ఒరుగుతూ లేస్తూ వెళ్ళాను.

మా నాన్న అంట్లు కట్టేవాడు.
నేను తోటలు గీస్తాను.
ఆయన చేతిలో అరటినార, నా చేతిలో టేపు.
ఇద్దరి గోళ్ళలోనూ అదే ఒండ్రు.

నేలపూడి ఎస్తేరమ్మ గారి కొత్తిల్లు.
ఏడు సెంట్లు. ఇల్లు పోగా నాలుగు.
తవ్వితే మూడడుగులకే నీళ్ళు,
నాలిక్కి తగిలిస్తే మట్టి కొంచెం ఉప్పన.
సముద్రం ఇక్కడికి కనబడదు గాని
వేళ్ళకి తెలుసు.

"ఎలా ఉండాలండీ తోట?"
అడగడం నా అలవాటు.
రైసుమిల్లు ఆయన బండల మధ్య సిమెంటు ఏనుగు కావాలన్నాడు.
మండపేట డాక్టరు గారికి పాములు రాని పచ్చదనం.
ఒకావిడ, వడియాలెండే చోటు వదిలి
మిగతాదంతా నీ ఇష్టం అంది.
ఈవిడ చాలాసేపు ఆలోచించి
"ఊడ్చే పని ఉండకూడదు బాబూ" అంది.

పందొమ్మిదేళ్ళు కువైట్లో
ఎవరి వాకిలో, ఎవరి ఖర్జూరం చెట్లో,
ఇసకగాలి వీచిన ప్రతి పొద్దూ
మళ్ళీ మొదటినుంచి.
ఇదామె చెప్పలేదు.
చెల్లెలు చెప్పింది, టీ గ్లాసు అందిస్తూ.

అర్థమైందనుకున్నాను.
రాత్రంతా కూర్చుని గీశాను.
ఏడాదికి రెండు మట్టలు రాల్చే పామ్ చెట్లు నాలుగు,
మెత్తని మెక్సికన్ గడ్డి,
అంచున నూరువరహాల గుబురు, నడవడానికి నాపరాళ్ళు.
మూలనున్న బాదం చెట్టు చుట్టూ
తెల్లారి సున్నంతో గీత గీయించాను, కొట్టెయ్యమని.
దానంత ఆకు రాల్చేది ఈ సీమలో ఇంకోటి లేదు.
మాఘంలో ఎర్రగా, చేటంతేసి.

గొడ్డలి తెచ్చినవాడు చుట్ట ముట్టించుకునేలోపు
ఆమె వచ్చింది.
చెప్పులు విడిచి
చెట్టు చుట్టూ తిరుగుతూ, మడమతో
సున్నాన్ని మట్టిలో కలిపేసింది.

"ఆకు రాలొద్దన్నానా?
ఊడ్చొద్దన్నాను."

పదిహేడేళ్ళ నుంచి స్థలాలు కొలుస్తున్నాను.
ఆ రెంటికీ మధ్య జాగా
ఎప్పుడూ కొలవలేదు.

కాగితం తిప్పి వెనకవైపు గీశాను.
గడ్డి సగానికి తగ్గింది.
పామ్ చెట్లు వచ్చిన వ్యాన్లోనే వెనక్కి.
బాదం చుట్టూ మోకాలెత్తు ఇటుక కట్టు,
ఆకు ఎగిరి పక్కింట్లో పడకుండా.
లోపల నీడకి బతికే చేమ.
కట్టు వెడల్పు ఎంతుండాలో చూద్దాం, కూర్చోండి అన్నాను.
నా ముందు కూర్చోవడానికి సిగ్గుపడింది.
పద్నాలుగు అంగుళాలు.

మళ్ళీ ఫాల్గుణంలో వెళ్ళాను,
బాకీ డబ్బుల కోసమే.
కట్టు నిండా ఆకులు.
కింది పొరలు నల్లబడి టీపొడిలా విడిపోతున్నాయి,
ఉప్పు మట్టి మీద కొత్త మట్టి.
ఎస్తేరమ్మ గారు కాళ్ళు లోపలికి వేసుకుని కూర్చుంది.
ఒక ఆకు రాలింది.
చూసింది. అంతే.

పక్కింటివాళ్ళు దెయ్యాల కొంప అంటున్నారట.
నవ్వుతూ ఆ మాట చెప్పి
డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది, ఐదొందలు తక్కువ.
కొట్టని చెట్టుకి కూలీ ఏమిటని.

మర్నాడు తెల్లవారుజామున మా ఇంట్లో
కొబ్బరీనెల చప్పుడు.
ఇరవై రెండేళ్ళుగా ఉన్నదే.
లేచి బయటికొచ్చాను.
వాకిలంతా సంచుల్లో మొక్కలు,
ఎవరెవరి ఇళ్ళకో పోవాల్సినవి.

"నీకెలాంటి తోట కావాలి?" అన్నాను.
సత్యవేణి వంచిన నడుం ఎత్తలేదు.
"ముందు కాళ్ళు తియ్యి."

తీశాను.
నేను నిలబడ్డ చోటు కూడా ఊడ్చింది.