ముందు సింకు నోరు మూయాలి

ముందు సింకు నోరు మూయాలి.
తక్కినవన్నీ తర్వాత.
పోయినేడు ఒక దుద్దు సీల
గుడగుడమని నవ్వుకుంటూ
బల్లరాట్ భూమిలోకి దిగిపోయింది.
నూటడెబ్బై ఏళ్ళుగా ఈ ఊళ్ళో
బంగారం తవ్వుకుపోయినవాళ్ళే అందరూ,
తిరిగిచ్చింది నేనొక్కదాన్నే.

ఆదివారం. బేకరీకి సెలవు.
రాత్రి నానేసిన కుంకుడుకాయలు
గిన్నెలో నురగ కక్కుతున్నాయి.
వేడి ఎంతంటే,
పసిపిల్లకు పోసే నీళ్ళంత. మించకూడదు.
గుండ్ల కడుపులో లక్క ఉంటుంది,
దానికి సెగ తగిలితే
లోపల్లోపలే కుంగిపోతుంది.

గాజులు మునిగాయి, ఉంగరం మునిగింది.
ఇందుజ పాలపళ్ళనాటి మెత్తటి బ్రష్షుతో
గోరంత గోరంతగా రుద్దుతున్నాను.
గాడిలోంచి వచ్చేది మట్టనుకునేరు.
సోమవారం రొట్టెపిండి,
బుధవారం సన్‌స్క్రీన్,
ఎప్పటి పూజదో పసుపు,
కోపంలో గిన్నెలు తోమిన రోజు జిడ్డు.
ఇంత బతుకు
ఇన్ని నురగల్లో తేలిపోయింది.

ముత్యాల్ని మాత్రం ముంచను.
నీళ్ళలోనే పుట్టి
మన నీళ్ళు పడని రకం.
తడిగుడ్డతో మొహం తుడిచి
జ్వరమొచ్చిన పిల్లల్లా పడుకోబెట్టాలి,
వేలాడదీస్తే దారం సాగుతుంది.
రేకు మీద పొదిగిన రాళ్ళకీ అంతే, పైపైన తుడుపు.
టూత్‌పేస్టు పళ్ళకే, పసిడికి గీతలు.
బ్లీచి సీసా ఉన్న గదిలోకి
నగల్ని రానివ్వనే రానివ్వను.

ఇదంతా పుట్టుకతో వచ్చిన తెలివి కాదు.
లోర్నా ఓపల్ పెట్టిన భిక్ష.

"నీ కాయలతో నాదీ కడుగు" అని
కంచె మీంచి అందించింది.
రెజ్ బతికున్నప్పుడు
కూబర్ పీడీలో రెండు చలికాలాలు తవ్వి
తెచ్చుకున్న పతకం.
ఒక పక్క నెమలి మెడ, తిప్పితే నిప్పు.
గంటసేపు నానేశాను, మహా ఉదారంగా.
నాకేం తెలుసు
అది ఒంటిరాయి కాదని,
పల్చటి పొరని నల్లరాతికి
జిగురుతో అంటించారని.
జిగురు సందున నీరు చేరి
రాయికి శుక్లం కమ్మింది.

రెండ్రోజులు మొహం చాటేశాను.
మూడోరోజు చేతిలో పెట్టి తల దించుకున్నాను.
లోర్నా కళ్ళజోడు పైకెత్తి, దించి,
కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి
"అచ్చం జూలైలో మన బల్లరాట్" అంది.
టీ ఇచ్చింది.
బిస్కట్లు మాత్రం పెట్టలేదు.

ఇప్పటికీ ఆ పొగమంచునే మెళ్ళో వేసుకుంటుంది,
ఏమైందని అడిగినవాళ్ళకి
నన్ను చూపిస్తుంది.

గిన్నె అడుగున నీళ్ళు మిగిలాయి.
పారబొయ్యను.
కంసాలి వీధి దుమ్ము ఎత్తుకుపోయి
మూకుళ్ళలో జలగడిగేవాళ్ళట,
పదిమంది తొక్కిన ధూళిలో
ఒక్క మెరుపు కోసం రోజంతా.
అమ్మమ్మ చెప్పినప్పుడు
జాలిపడ్డాను ఆ చేతుల మీద.
ఇక్కడ ఏటి ఒడ్డున సెలవు రోజుల్లో
టిక్కెట్టు కొనుక్కుని మరీ
పిల్లలు పళ్ళేలు ఊపుతుంటారు.

టీ జల్లెడ పట్టి మెల్లగా వంచాను.
నీళ్ళు నిమ్మచెట్టుకి,
జల్లెడలో ఒక ఎర్రటి చుక్క.
దుద్దులు తిప్పి చూశాను, రాళ్ళు లెక్కపెట్టాను,
రెండుసార్లు, రెండు లెక్కలొచ్చాయి.
కెంపా, కుంకుడు తొక్కా?

కంచె దగ్గరికెళ్ళి
లోర్నాని కేకేశాను.