నాలుగు గీతలు

ఎస్పీ రోడ్డులో మూడొందల యాభైకి బేరమాడి తెచ్చాను,
తీగ లేని కీబోర్డు.
ఎవరి వేళ్లు అరగదీశాయో, 'ఎ' అక్షరం లేదు.
టీవీ రిమోటు పోయిన నాటి నుంచీ
చేటలా దీన్నే ఒళ్లో పెట్టుకుని
రాళ్లేరినట్టు మీటలు వెతుక్కుంటాను.
స్పేస్ బార్ మీద ఎండిన దోసెపిండి మరక.

ఇవాళ కుక్కర్ కూత వినాలని అది నొక్కానా,
తెర మీద అత్తగారి చెయ్యి గాల్లోనే ఆగింది.
కూత రాలేదు.
గోడ అవతల నాగవేణి ఏడుస్తోంది,
మా సీరియల్ చాటున,
రోజూ ఇదే వేళకేమో.
మా నిశ్శబ్దం తగిలి
చప్పున నోరు నొక్కుకుంది.

పిండి వేలితోనే మళ్లీ నొక్కాను.
బాణం మీటతో శబ్దం
ఇంకో నాలుగు గీతలు పెంచాను.
కింది వాటాలో ఓనరు తిడితే తిట్టనీ,
కన్నడం నాకింకా సగమే వచ్చు.