కుర్చీల పుస్తకం

మా సంఘానికి ఆఫీసు లేదు.
మా ఇంటెనక రేకుల షెడ్డే ఆఫీసు.
అందులో నలభై రెండు కుర్చీలు, రెండు షామియానాలు,
అన్నం వండే గుండిగ ఒకటి,
మేకుకు వేలాడే పుస్తకం ఒకటి.

చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచినోణ్ణి.
ఫ్యాక్టరీ మూతేసినాక
నాకు మిగిలింది గుండ్రటి చేతిరాత.
"లెక్క నువ్వు రాయి సామీ" అని
పొన్నెమ్మ ఆ పుస్తకం నా ఒళ్లో పడేసింది.
అప్పటికి సంఘమంటే
ఆమె, ఖాదర్ వలీ, ఒక గొడవ.

గొడవ నీళ్లది.
నీవా నది పేరుకే నది.
చిత్తూరు ఎండల్లో పది దినాలకోసారి ట్యాంకరొస్తే
బిందెలకన్నా ముందు నోళ్లు లేచేవి.
ఒకనాడు ఎవురి బిందో ఎవురి నెత్తికో తగిలి
రక్తం కారింది.
కట్టు కట్టిన పొన్నెమ్మే
మర్నాడు వరస చీటీలు పంచింది.

ఇంటికి నెలకు ముప్పై రూపాయలు.
జీతం ఎవురికీ లేదు.
వలీ స్కూటర్లో పెట్రోలు వలీదే.
కుర్చీల వీపున ఎర్ర పెయింటుతో 'మా వీధి' అని
ఏసుపాదం రాసినాడు.
రెండిటికి ఒత్తు మర్చిపోయి 'మా వీది' అయింది.
పిల్లోళ్లు ఇప్పటికీ ఆ రెండిటికే కొట్లాడుకుంటారు.

పుస్తకం తిరగేస్తే
దేశమ్మ మనవరాలి ఓణీల ఫంక్షను, ముప్పై.
ఇఫ్తారుకు, నలభై రెండూ.
గంగజాతర అంబలికి, గుండిగ మాత్రం.
కరెంటాఫీసుకు అర్జీతో పోయినాం, కుర్చీలు సున్నా.
అక్కడ మూడు గంటలు నిలబడినాం గదా,
అదీ రాసినా.

మూడంతస్తుల చెంగల్రాయులు పేరు మాత్రం
బాకీల పేజీలోనే ఉండాది, ఆరేండ్లుగా.
చందాకి పోతే కుక్కని ఇడిచేవాడు.
"పనిలేని గుంపు" అనేవాడు,
మేం వినేటట్టు.

ఒక రాత్రి మూడున్నరకు తలుపు చప్పుడు.
చెప్పుల్లేకుండా నిలబడుండాడు.
"మా ఇంట్లో ఆమె..." అన్నాడు.
తరవాత మాట రాలేదు.

పుస్తకం తీసినా. బాకీల పేజీ తెరుచుకుంది, పాడు పుస్తకం.
తిప్పేసి కొత్త పేజీలో రాసినా:
చెంగల్రాయులు, నలభై.
'వీది' కుర్చీలు రెండూ ఆపినా.
తప్పు రాతతో చావింటికి పంపబుద్ధి కాలేదు.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగిన పిల్లోళ్లు
చేతులకింకా ఆ తీపి వాసనతోనే
కుర్చీలు నెత్తిన పెట్టుకుని పోయినారు.
తెల్లారేసరికి షామియానా లేచింది.
పొన్నెమ్మ టీ కాచింది.
కుక్కని ఎవురో కట్టేసినారు.

పదకొండో దినం దాటినాక నలభై కుర్చీలూ
కడిగి తుడిచి, తనే రెండు నడకల్లో మోసుకొచ్చినాడు.
చందా ఇయ్యలేదు. ఇప్పటికీ ఇయ్యలేదు.
కానీ ఆ వారం నించి
వాళ్ల ప్రహరీ గోడలో ఒక ఇటిక తీసి
బోరు పైపు వీధిలోకొచ్చింది.
పొద్దున ఆరు నించి ఏడు దాకా నీళ్లు.

దీన్ని ఏ గడిలో రాయాల?
టన్నుల చెరుకు తూచినోణ్ణి, పెన్ను పట్టుకుని
శానాసేపు కూర్చున్నా.

నిన్న లెక్కబెడితే షెడ్డులో నలభయ్యే ఉండాయి.
మిగతా రెండూ, ఆ ఒత్తు లేని రెండూ,
చెంగల్రాయులు గేటు ముందర
బిందె నిండేదాకా కూర్చునేటోళ్ల కింద ఉండాయి.
ఎప్పుడు పట్టుకుపోయినాడో.

పుస్తకంలో రాయలేదు.
అడగనూ లేదు.